ఇంగ్లీషు రానోడు సంతకం ఎట్ల పెట్టాలె?

ఇంగ్లీషును అధికార భాష చేస్తే కొలువులొస్తయని కొందరు తమ్ముళ్లు అంటున్నరు. కొత్తగ చేసేదేమున్నది? 1950ల రాజ్యాంగం కేంద్రంల ఇంగ్లీషుకు 15 ఏండ్ల గడువిచ్చింది. 1963 చట్టం ఆ గడువు దాటినా నడవనిచ్చింది. హైకోర్టు, సుప్రీంకోర్టుల ఇయ్యాల్టికీ అదే నడుస్తున్నది.

తెలుగుకు 1966ల అధికార భాషా చట్టమొచ్చింది. అది సర్కారు ఆఫీసులకే, కంపెనీ గేటు దాటి లోపటికి పోదు.

కంపెనీల సంగతికి వేరే చట్టముండె. నోటీసులు ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషల పెట్టాలని, 2025 దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టం, 108వ సెక్షన్‌లనే రాసిండ్రు. ఎందుకంటే మిషిన్ మీది హెచ్చరిక సమజ్ కాకపోతే చెయ్యి పోతది.

ఆ చట్టం ప్రకారం ఆడ ఒడిశా కూలీలే ఎక్కువుంటే బోర్డు ఒడియాల గుడ ఉండాల్సి ఉండె. గల్ఫ్‌ల అరబ్బీ కాయితం మీద సంతకం పెట్టిన మనోళ్లకు ఆ బాధ ఎరుకే.

నేను ఇంగ్లీషు సొంతంగ నేర్చుకున్నోణ్ణి. మీరూ నేర్చుకోండ్రి, వద్దనను. గని పనిల చేరేటప్పుడు జీతం, డ్యూటీ గంటలు, కోతలు మన భాషల రాసియ్యమని అడుగుండ్రి. ఒక్కడు అడిగితే కసురుకుంటరు, పదిమంది కలిసి అడిగితే జవాబు చెప్పాల్సిందే.