కారు తాళం మొరాయిస్తే...

జేబులో తాళం ఉంటుంది. ఎదురుగా కారు ఉంటుంది. తలుపు మాత్రం తెరుచుకోదు. హ్యాండిల్ మీద వేలు పెడతారు, రిమోట్ నొక్కుతారు, గట్టిగా నొక్కుతారు, చెయ్యి చాపి నొక్కుతారు. ఊహూ! ఈ తిప్పలు మీ ఇంట్లో ఎవరో ఒకరు పడే ఉంటారు. నేనైతే మొట్టమొదటి ఇంటర్వ్యూ రోజునే పడ్డా.

ఈసీఈ పూర్తిచేసి అప్పటికి రెండు నెలలు. హైదరాబాద్‌లో వాహనాల ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసే ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. పదకొండింటికి ఇంటర్వ్యూ. బస్సులో వెళ్తానంటే బాబాయి ఒప్పుకోలేదు. ‘ఇంట్లో కారు పెట్టుకుని బస్సేంట్రా’ అంటూ తెల్లవారుజామున ఐదింటికే విజయవాడ నుంచి బయల్దేరదీశాడు. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగాం. దిగేటప్పుడు రిమోట్ నాలుగుసార్లు నొక్కితేగానీ లాక్ పడలేదు. పట్టించుకోలేదు. ఇడ్లీ తిని వచ్చేసరికి అంతే సంగతులు. నా సర్టిఫికెట్ల ఫైలు వెనక సీట్లోనే ఉంది, అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది.

అసలు వారం రోజులుగా డ్యాష్‌బోర్డు మీద ‘తాళం బ్యాటరీ తక్కువగా ఉంది’ అని ఇంగ్లిష్‌లో వస్తూనే ఉందట. బాబాయి దాన్ని కారు బ్యాటరీ అనుకుని, ‘మొన్నేగా మార్పించా’ అని వదిలేశాడు. గంటసేపు అటూ ఇటూ తిరిగాక, పక్కన టీ తాగుతున్న ఓ ట్యాక్సీ డ్రైవర్ లేచి వచ్చాడు. ‘రిమోట్ లోపల చిన్న తాళం ఉంటది సార్, గుంజుండ్రి’ అన్నాడు. నిజమే. పక్కనున్న చిన్న మీట నొక్కి లాగితే ఇనుప తాళం బయటికొచ్చింది. డ్రైవర్ వైపు హ్యాండిల్ చివర ఉన్న ప్లాస్టిక్ మూత తీస్తే దాని వెనక తాళం రంధ్రం. తిప్పగానే తలుపు తెరుచుకుంది, దాంతోపాటే సైరన్ మొదలైంది. హోటలంతా మావైపే చూసింది. స్టార్ట్ బటన్ నొక్కితే ‘తాళం కనిపించడం లేదు’ అని మళ్లీ మొండికేసింది. ఆయనే రిమోట్ తీసుకుని, దాన్ని బటన్‌కు ఆనించి నొక్కాడు. ఇంజిన్ స్టార్ట్ అయింది, సైరన్ ఆగింది.

ముప్పావుగంట ఆలస్యంగా చేరి, ఎందుకు ఆలస్యమైందో చెప్పా. ప్యానెల్‌లో పెద్దాయన నవ్వారు. ‘సరే, బ్యాటరీ అయిపోయిన తాళంతో కారు ఎలా స్టార్ట్ అయిందో చెప్పు’ అన్నారు. యాంటెన్నాల పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. అయినా నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగం రాలేదు. అదొక్కటే కారణమని చెప్పను, సీ ప్రోగ్రామింగ్‌లోనూ తడబడ్డా. కానీ ఆ ప్రశ్న మాత్రం ఇంటిదాకా నాతోపాటే వచ్చింది. ఆ తర్వాత తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నా.

గుప్పెడంత రిమోట్‌లో ఎన్ని రేడియోలు!

మీరు బటన్ నొక్కినప్పుడు మాట్లాడేది తాళం, వినేది కారు. మన దేశంలో ఈ సంకేతం ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అమెరికా, జపాన్‌లలో 315. తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. కాబట్టి పది, ఇరవై మీటర్ల దూరం నుంచి కూడా పనిచేస్తుంది.

బటన్ నొక్కకుండా హ్యాండిల్ ముట్టుకుంటే మాత్రం కథ తిరగబడుతుంది. అప్పుడు ముందు మాట్లాడేది కారే. హ్యాండిల్‌లో ఉన్న తీగచుట్ట చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ దగ్గర ‘ఎవరైనా ఉన్నారా’ అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్న తాళం నిద్రలేచి, 433 దగ్గర జవాబు పంపుతుంది. 125 కిలోహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 2.4 కిలోమీటర్లు. మీటరు దూరంలో అది తరంగంలా కాదు, అయస్కాంత క్షేత్రంలా ప్రవర్తిస్తుంది. దాని బలం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు! తాళం మీటరున్నర దాటితే కారు చెవిటిదైపోయేది అందుకే. దొంగ చేతికి చిక్కకూడదని కావాలనే అలా పెట్టారు కూడా.

తాళం ఏ భంగిమలో ఉన్నా వినాలని లోపల మూడు దిక్కులకూ మూడు తీగచుట్టలు పెడతారు. అయినా పక్కనే సెల్‌ఫోన్ ఉంటే ఆ బలహీనమైన పిలుపు చెదిరిపోవచ్చు. తాళాన్నీ ఫోన్నీ ఒకే జేబులో పెట్టొద్దని చాలా కార్ల మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. మాన్యువల్ చదివేదెవరు, అది డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది.

ఇక పెద్దాయన ప్రశ్న. స్టార్ట్ బటన్ చుట్టూ ఇంకో తీగచుట్ట ఉంటుంది. రిమోట్‌లోని చిన్న చిప్‌కు బ్యాటరీ అక్కర్లేదు. దగ్గరకు ఆనిస్తే ఆ చుట్ట ఇచ్చే అయస్కాంత శక్తితోనే అది మేల్కొని తన గుర్తింపు చెబుతుంది. మెట్రో కార్డు గేటు దగ్గర చేసేదీ ఇదే సూత్రంతో. ఇండక్షన్ కప్లింగ్ అని ఒక్కమాట అన్నా సరిపోయేది. రోజూ కార్డు గీకే నాకు తట్టలేదు. అన్నట్టు, కొన్ని కార్లలో రిమోట్‌ను ఆనించాల్సింది బటన్‌కు కాదు, గేర్ దగ్గరున్న అరలోనో స్టీరింగ్ పక్కనో ఉంచాలి. మీ ఇంట్లో కారుంటే ఇవాళే ఆ చోటేదో చూసి పెట్టుకోండి.

బ్యాటరీ విషయం చిన్నదే. చాలా రిమోట్లలో ఉండేది సీఆర్ 2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టులు. గడియారాల షాపులో దొరుకుతుంది, మార్చినంత మాత్రాన చాలా రిమోట్లు కారును మర్చిపోవు. తాళం ఎప్పుడూ వింటూనే ఉంటుంది కాబట్టి వాడకపోయినా బ్యాటరీ తరుగుతుంది. తాళాన్ని కారు పక్కనే గోడకు తగిలిస్తే కొన్ని మోడళ్లలో ఇంకా తొందరగా. పాత సెల్‌ను మాత్రం పసిపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

జేబులో వందసార్లు నొక్కుకుంటే?

రిమోట్ ప్రతిసారీ ఒకే కోడ్ పంపితే, పక్కన దాక్కున్నవాడు దాన్ని రికార్డు చేసి మళ్లీ వినిపిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. అందుకే ప్రతి నొక్కుకూ కోడ్ మారుతుంది. రోలింగ్ కోడ్ అంటారు. తాళంలో ఒక లెక్క, కారులో ఒక లెక్క. తాళం లెక్క ముందుకు వెళ్తూ ఉంటుంది, కారు దాన్ని అనుసరిస్తుంది.

మరి కారుకు దూరంగా ఉన్నప్పుడు జేబులో బటన్ నొక్కుకుపోతే? తాళం లెక్క పెరుగుతుంది, కారుకు ఆ సంగతి తెలియదు. ఈ చిక్కును కీలాక్ అనే పద్ధతిలో ఎలా విప్పారో చూడండి. దక్షిణాఫ్రికాలో పుట్టి, తర్వాత మైక్రోచిప్ చేతికి వచ్చిన పద్ధతి ఇది. కారు తనకు తెలిసిన లెక్క తర్వాత 16 అంకెల వరకూ వెంటనే ఒప్పుకొంటుంది. అంతకన్నా ముందుకెళ్లిపోతే మొదటి నొక్కును నమ్మదు. వరుసగా వచ్చే రెండో కోడ్ కూడా సరిపోతే అప్పుడు కొత్త లెక్కను రాసుకుంటుంది. అందుకే ‘ఒకసారికి తెరుచుకోలేదు, రెండోసారి తెరుచుకుంది’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కంపెనీని బట్టి ఆ 16 మారొచ్చు. 2015లో శామీ కామ్‌కార్ అనే పరిశోధకుడు ఈ రోలింగ్ కోడ్‌నూ ఏమార్చవచ్చని అమెరికాలోని డెఫ్‌కాన్ సదస్సులో చూపించాడు. ఒక కోడ్‌ను గాల్లోనే అడ్డుకుని, దాచిపెట్టుకునే చిన్న పరికరం అది.

అన్నిసార్లూ తప్పు తాళానిదే కాదు. 2019లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్త్ ఓల్మ్‌స్టెడ్ అనే ఊళ్లో కొన్ని వీధుల్లో వారాల తరబడి కారు రిమోట్లు, గ్యారేజీ తలుపులు పనిచేయలేదు. చివరికి తేలిందేంటంటే, ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న ఓ వ్యక్తి ఇంట్లో సొంతంగా తయారుచేసుకున్న పరికరం 315 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగకుండా సంకేతం పంపుతోంది. ఆయనకా సంగతే తెలియదు. మినీ ప్రాజెక్టుకని 433 మాడ్యూల్ కొని హాస్టల్ గదిలో రాత్రంతా ఆన్‌లో ఉంచేవాళ్లు ఈ కథ గుర్తుంచుకోండి. ట్రాన్స్‌మిటర్ నిరంతరం అరవకూడదు, పని కాగానే ఆగిపోవాలి.

తాళం అమ్మ సంచిలో

ఇది మా ఇంట్లోనే జరిగింది. అమ్మను రైల్వే స్టేషన్లో దింపడానికి వెళ్లాం. ఇంజిన్ ఆపలేదు. అమ్మ దిగింది, వాళ్ల సంచిలోనే తాళం. కారు రెండుసార్లు కీచుమంది, ఏదో సందేశం కూడా వచ్చింది. వెనక ఆటోలు హారన్ కొడుతుంటే ఎవరు చదువుతారు? ఇంటికొచ్చి ఇంజిన్ ఆపాను. మళ్లీ స్టార్ట్ కాలేదు. అప్పటికి రైలు కదిలిపోయింది. అమ్మ ఊరి నుంచి తిరిగొచ్చేదాకా రెండో తాళంతో నెట్టుకొచ్చాం.

నాకు అప్పుడు వచ్చిన కోపం ఒక్కటే. తాళం లేదని తెలిసినప్పుడు కారు అక్కడే ఆగిపోవచ్చు కదా? కాస్త ఆలోచించండి. హైవే మీద వందలో వెళ్తుండగా తాళం బ్యాటరీ అయిపోయిందనుకోండి. ఆ క్షణాన ఇంజిన్ ఆగితే? అందుకే నడుస్తున్న ఇంజిన్‌ను తాళం కోసం ఆపకూడదని, హెచ్చరించి ఊరుకోవాలని నిర్ణయించుకున్నారు. దొంగ కన్నా ప్రమాదం పెద్దది. నా అభిప్రాయంలో ఆ నిర్ణయం సరైనదే. హెచ్చరించే తీరే బాగాలేదు. రెండు కీచులు చాలవు.

దొంగల వైపు నుంచి చూస్తే ఇంకో బలహీనత ఉంది. కారు పిలుపును ఒకడు హ్యాండిల్ దగ్గర అందుకుని, మీ ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డ రెండోవాడికి పంపుతాడు. లోపల మేకుకు తగిలించిన తాళం, కారు పక్కనే ఉందనుకుని జవాబిస్తుంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 8 కంపెనీల 10 కారు మోడళ్లపై ఈ రిలే దాడిని ప్రయత్నించారు. పదీ లొంగిపోయాయి. కోడ్ ఎంత గట్టిదైనా లాభం లేదు, ఎందుకంటే ఇక్కడ కోడ్‌ను ఎవరూ ఛేదించడం లేదు, దూరాన్ని మాత్రమే మోసం చేస్తున్నారు. ఇప్పుడు కొన్ని కొత్త కార్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ వస్తోంది. సంకేతం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్తుంది, మధ్యలో ఎవడు దూరినా ఆలస్యం బయటపడుతుంది. అంతవరకూ తాళాన్ని మూతున్న స్టీలు డబ్బాలో పడేయండి. డబ్బాను కారు పక్కకు తీసుకెళ్లి హ్యాండిల్ ముట్టుకోండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు, మార్చండి.

మీ రెజ్యూమెకు ఏం సంబంధం?

వాహనాల ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాలు బెంగళూరు, చెన్నై, పుణెలతోపాటు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. జడ్‌ఎఫ్, హ్యుందాయ్ లాంటి సంస్థలకు ఇక్కడ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. పెనుకొండ దగ్గర కియా ప్లాంటులో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఈ రంగంలో ఫ్రెషర్లకు ఎక్కువగా తలుపు తెరిచేది టెస్టింగ్. ఆ పని మీకు వచ్చో రాదో మీరే తేల్చుకోవచ్చు. కాగితం తీసి, ‘తాళం డిక్కీలో పెట్టి డిక్కీ మూసేశారు’ అని రాయండి. కారు ఏం చేయాలి? రెండు తాళాలుండి ఒకటి లోపల, ఒకటి బయట ఉంటే? అన్‌లాక్ చేసి ఎవరూ తలుపు తీయకపోతే? (చాలా కార్లు అర నిమిషానికి అటూ ఇటూగా మళ్లీ లాక్ అవుతాయి. ‘ఇప్పుడేగా తెరిచా’ అని మనం తిట్టుకునేది ఇందుకే.) ఇలాంటివి ఇరవై రాయగలిగితే ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి సరుకున్నట్టే.

చేతులు పెట్టాలనుకుంటే ఒక ఆర్డుయినో, ఒక జత 433 మాడ్యూళ్లు చాలు. వాటితో రోలింగ్ కోడ్ మీరే రాయండి. పదిహేడుసార్లు దూరంగా నొక్కి, మీ రిసీవర్ ఏం చేస్తుందో చూడండి. తోడుగా సీ భాష, 1986లో బాష్ తెచ్చిన క్యాన్ బస్, భద్రతకు ఐఎస్‌ఓ 26262, సైబర్ భద్రతకు ఐఎస్‌ఓ 21434 గురించి కనీసం ఎందుకొచ్చాయో చదవండి. నాలుగు ప్రమాణాల పేర్లు రెజ్యూమెలో పేర్చి, వాటిలో ఒక్కదాన్నీ వివరించలేకపోతే మాత్రం ఏమీ రాయకపోవడమే నయం. ప్రయోగాలన్నీ మీ సొంత పరికరాల మీదే. పక్కింటివాళ్ల కారు జోలికి వెళ్లొద్దు, జామర్ల ఊసే వద్దు. అనుమతి లేకుండా వాటిని వాడటం మన దేశంలో నేరం.

బాబాయి ఇప్పుడు కారులో రెండు స్పేర్ సెల్స్ ఉంచుతున్నాడు. వాటిని కారులోనే ఉంచితే తలుపు తెరుచుకోనప్పుడు ఏం లాభమని అడిగితే, ఒకటి పర్సులోకి మార్చాడు. రిమోట్‌ను మాత్రం టీవీకి గురిపెట్టినట్టే చెయ్యి చాపి నొక్కుతాడు. 1982లో రెనో ఫ్యూగో కారుకు వచ్చిన తొలి రిమోట్ పరారుణ కాంతితో పనిచేసేది, అప్పుడైతే గురి కావాలి, ఇప్పుడిది రేడియో, ఎటు తిప్పి నొక్కినా ఒకటే అని ఎన్నిసార్లు చెప్పానో. ‘గురి పెడితేనే తెరుచుకుంటుందిరా, నేను చూశాగా’ అంటాడు.