కోపానికి కసరత్తు

సుమతీ శతకంలో కోపం గురించిన పద్యాన్ని గడగడా అప్పజెప్పిన పిల్లలే బడి గేటు దాటగానే చొక్కాలు పట్టుకుంటారు. నీతి తెలియక కాదు, ఆ క్షణంలో ఏం చేయాలో ఒంటికి అలవాటు లేక. యువతకు శాంతి నేర్పుతామని బయల్దేరే మతసంస్థలు చాలావరకు ఇక్కడే బోల్తా పడతాయి. వాళ్ల చేతిలో ఉన్నది ఉపన్యాసం, కుర్రాళ్లకు కావాల్సింది తాలీము. ఈ తేడాను పట్టుకున్నవాళ్లలో అమెరికాలోని క్వేకర్లు ముఖ్యులు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని 1660లోనే తేల్చిచెప్పిన క్రైస్తవ శాఖ అది. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైలు ఖైదీలు, దారి తప్పుతున్న కుర్రాళ్లతో పనిచేయడానికి వాళ్ల సాయం అడిగారు. అలా పుట్టిన ‘ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్’ శిక్షణలో ప్రార్థన లేదు, బైబిల్ పాఠం లేదు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. తమ పేరుకు ముందు ఒక మంచి విశేషణం తగిలించుకుంటారు. మధ్యమధ్యలో చిన్నపిల్లల్లా ఆటలాడతారు, తగాదాలను నాటకంలా ఆడి చూస్తారు. రెండు మూడు రోజుల ఈ శిక్షణను నడిపేది జీతం లేని కార్యకర్తలు, వాళ్లలో తర్ఫీదు పొందిన ఖైదీలూ ఉంటారు. ఏ మనిషిలోనైనా గొడవను మలుపు తిప్పగల శక్తి ఉందన్న నమ్మకం మాత్రం క్వేకర్లదే. దానికి దేవుడి పేరు పెట్టలేదంతే.

అలాంటప్పుడు మతం ఎందుకు, మంచి శిక్షకుడు చాలడా? న్యాయమైన ప్రశ్నే. షికాగోలో ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమానికి మతంతో సంబంధం లేదు. అందులో ఒక కుర్రాడి పిడికిట్లో బంతి పెట్టి, అరనిమిషంలో తీసుకోమని జోడీకి చెబుతారు. చాలామంది కలబడతారు, ‘కాస్త ఇస్తావా’ అని అడిగేవాడు అరుదు. లాటరీ పద్ధతిలో ఎంపికచేసి జరిపిన అధ్యయనాల్లో, శిక్షణ సాగినంతకాలం హింస కేసుల్లో అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. శిక్షణ ముగిశాక ఆ తగ్గుదల నిలవలేదు. మతసంస్థకు చోటు ఉన్నది ఈ ఖాళీలోనే అని నా వాదన. గ్రాంటు అయిపోయినా గుడి, చర్చి, మసీదు ఆ పేటలోనే ఉంటాయి. 1992లో బోస్టన్‌లో ఒక కుర్రాడి అంత్యక్రియలు జరుగుతున్న చర్చిలోకే ముఠా చొరబడి దాడి చేసింది. ఆ తర్వాత నల్లజాతి పాస్టర్లు ‘టెన్‌పాయింట్ కొయలిషన్’గా ఏర్పడి, రాత్రిళ్లు వీధుల్లో కుర్రాళ్ల మధ్య తిరగడం మొదలుపెట్టారు. 1990లో 152 హత్యలు జరిగిన ఆ నగరంలో 1999 నాటికి అవి 31కి తగ్గాయి. ఆ ఘనతంతా పాస్టర్లదే అనడం అతిశయోక్తి. పోలీసుల ‘ఆపరేషన్ సీజ్‌ఫైర్’ కూడా అప్పుడే నడిచింది, దేశమంతటా నేరాలు తగ్గుతున్న కాలం కూడా అదే.

మన దగ్గర మతసంస్థలు ఇచ్చే శిక్షణ మాటెత్తగానే మతమార్పిడి అనుమానం వస్తుంది. రావాలి కూడా. వేరే మతం కుర్రాడు, ఏ మతమూ లేని కుర్రాడు తన నమ్మకాన్ని గుమ్మం బయట వదలకుండా కూర్చోగలిగితేనే అది శిక్షణ, లేకుంటే ప్రచారం. అంతకన్నా పదునైన అభ్యంతరం మరొకటుంది: కోపం కొన్నిసార్లు న్యాయమైనదే కదా? 1971లో అదే న్యూయార్క్ రాష్ట్రంలోని ఆటికా జైల్లో వారానికి ఒక్క స్నానమే దొరికిన ఖైదీలు తిరగబడ్డారు. తిరుగుబాటులోనూ, దాన్ని అణచడంలోనూ కలిపి 43 మంది చనిపోయారు. వాళ్లకు ఊపిరి నెమ్మదిగా పీల్చడం నేర్పితే సరిపోయేదా? క్వేకర్ల పద్ధతి కోపాన్ని పాపమనదు, బాధను ఎదుటివాడికి వినపడేలా చెప్పడం నేర్పుతుంది. అయితే వినాల్సిన అధికారి చెవులు మూసుకున్నచోట ఈ శిక్షణ జైలర్‌కే పనికొస్తుంది. ఆ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.