వీబీ6 ఇంకా నడుస్తోంది.. మార్చేవాళ్లే కావాలి!

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లే జూనియర్లు నన్ను అడిగేది ఒకటే: 'అన్నా, ఇప్పుడు ఏ కోర్సుకు డిమాండ్ ఉంది?' కొత్తవాటి గురించే అడుగుతారు. పాతవాటి ఊసే ఉండదు.

ఆ పక్కనే నాచారం పారిశ్రామికవాడలో ఓ చిన్న యూనిట్‌కి ఈమధ్య వెళ్లాను. సరుకు లెక్కలు, బిల్లులు అన్నీ విజువల్ బేసిక్ 6లో రాసిన ప్రోగ్రామ్ మీదే. రాసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. సోర్స్ కోడ్ మాత్రం ఓ పాత సీడీలో దొరికింది. అదే అదృష్టం! కొన్నిచోట్ల ఈఎక్స్‌ఈ ఫైల్ తప్ప ఏమీ మిగలదు. అలాంటప్పుడు మార్చడం కాదు, మొదట్నుంచీ రాసుకోవాల్సిందే.

వీబీ6 వచ్చింది 1998లో. కోడ్ రాసుకునే ఐడీఈకి మైక్రోసాఫ్ట్ 2008 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది. అయితే తయారైన ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన ప్రధాన రన్‌టైమ్ ఫైళ్లు విండోస్ 11లోనూ ఉన్నాయి. ఓనర్లు 'నడుస్తోంది కదా' అని ఊరుకునేది అందుకే. పన్ను నిబంధన మారినప్పుడే తంటా. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినట్టు రేపు ఇంకోటి వస్తే ఆ కోడ్‌ని ముట్టుకునేదెవరు?

మార్చడానికి ఒకప్పుడు అప్‌గ్రేడ్ విజార్డ్ ఉండేది. విజువల్ స్టూడియో 2010 నుంచి దాన్నీ తీసేశారు. ఇక చేత్తో తిరగరాసేటప్పుడు అసలు ప్రమాదం ఎర్రగీత గీసి చూపించే తప్పులతో కాదు, చప్పుడు చేయనివాటితో. బిల్లు మొత్తాన్ని డిస్కౌంట్ లెక్కగట్టే ప్రొసీజర్‌కి పంపారనుకోండి. వీబీ6లో మీరేమీ చెప్పకపోతే అది బైరెఫ్. అంటే లోపల మారిన అంకె బయటా మారుతుంది. వీబీ డాట్‌నెట్‌లో ఏమీ చెప్పకపోతే బైవాల్. లోపలికి వెళ్లేది కాపీ మాత్రమే. రూ.10,000 బిల్లుకు 5 శాతం తగ్గిస్తే పాత ప్రోగ్రామ్ రూ.9,500 చూపిస్తుంది, కొత్తది రూ.10,000 దగ్గరే ఆగుతుంది. ఎర్రర్ రాదు, కంపైల్ శుభ్రంగా అవుతుంది. కస్టమర్ ఫోన్ చేస్తేనే తెలుస్తుంది!

అందుకే రెండు ప్రోగ్రాములనూ కనీసం ఒక నెల పక్కపక్కనే నడిపి, బిల్లు బిల్లూ పోల్చాలి. ఓపిక కావాల్సిన పని. నా ఉద్దేశంలో ఫ్రెషర్‌కి ఇంతకన్నా మంచి శిక్షణ లేదు. వ్యాపారం లెక్కలూ వస్తాయి, ఇంకొకరి కోడ్ చదవడమూ వస్తుంది.

ఇది వీబీ6తో అయిపోయే కథ కాదు. 2021 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 6కి 2024 నవంబరు 12తో సపోర్ట్ ముగిసింది. డాట్‌నెట్ 8 గడువు 2026 నవంబరు 10. ఆ తర్వాత కూడా ప్రోగ్రామ్ ఆగిపోదు, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయి. 'మీ ప్రాజెక్టు ఏ వెర్షన్‌లో చేశారు? దానికి సపోర్ట్ ఎప్పటిదాకా?' అని ఇంటర్వ్యూలో అడిగితే నీళ్లు నమలకండి.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. విజువల్ స్టూడియో కమ్యూనిటీ విద్యార్థులకు ఉచితం. వీబీ6 ఫారమ్, మాడ్యూల్ ఫైళ్లు మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. గిట్‌హబ్‌లో ఏదైనా చిన్న వీబీ6 ప్రాజెక్టు తీసుకుని, 2028 నవంబరు దాకా సపోర్ట్ ఉన్న డాట్‌నెట్ 10కి మార్చి చూడండి. రెజ్యూమెలో 'డాట్‌నెట్ తెలుసు' అని రాయొద్దు. ఎన్ని స్క్రీన్లు మార్చారో, పాత, కొత్త ఫలితాల మధ్య ఎన్ని తేడాలు పట్టుకున్నారో రాయండి.