జీతం లేని ప్రొఫెషనల్

హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్ నెల జీతం మీద లేచిన కాలనీ. 1967లో మొదలైన ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగులు కట్టుకున్న ఇళ్లతో పెరిగింది. ఆ సంస్థను నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరే పెట్టుకుంది. ఒకటో తారీఖున జీతం, ప్రావిడెంట్ ఫండ్, రిటైరయ్యేనాటికి గ్రాట్యుటీ. ఇక్కడి పెద్దవాళ్లకు ఉద్యోగమంటే ఇదే లెక్క. అందుకే ఫలానావాళ్ల అబ్బాయి టెన్నిస్‌లో ప్రొఫెషనల్ అయ్యాడని తెలియగానే, పొద్దున్న వాకింగ్‌లో వాళ్ల నాన్నను అడిగే మొదటి మాట: "నెలకెంతొస్తుందండీ?"

అడిగేవాళ్లది తప్పని నేననను. టీవీలో కనిపించేది వింబుల్డన్ పచ్చిక, కోట్ల చెక్కు, చేతికి మెరిసే గడియారం. నాలుగో వందలోనో ఆరో వందలోనో ర్యాంకు ఉన్నవాడు ఏ ఊళ్లో, ఎవరి డబ్బుతో ఆడుతున్నాడో ఏ చానలూ చూపించదు. మన పిల్లల్లో నూటికి తొంభైతొమ్మిది మంది నడవాల్సింది ఆ రెండో దారిలోనే. కాబట్టి ఆ లెక్కలు తెలియాలి.

అపోహ: ప్రొఫెషనల్ అయ్యాడంటే సంపాదన మొదలైనట్టే.

మొదలయ్యేది ఖర్చు. టెన్నిస్‌లో జీతం లేదు. క్రికెట్‌లోలా బోర్డు కాంట్రాక్టు, ఐపీఎల్ వేలం ఉండవు. విమానం టికెట్టు, గది అద్దె, తిండి, రాకెట్‌కు తీగలు బిగించే కూలి, అన్నీ ఆటగాడివే.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, 2013 సంవత్సరానికి ఈ లెక్కలన్నీ తీసింది. ఆ ఏడాది ప్రొఫెషనల్ పోటీల్లో 8,874 మంది పురుషులు ఆడితే 3,896 మందికి ఒక్క డాలరూ రాలేదు. 4,862 మంది మహిళల్లో 2,212 మందిదీ అదే గతి. ప్రయాణాలు, బస, భోజనం వంటి ఖర్చులే ఏడాదికి సగటున పురుషులకు 38,800 డాలర్లు, మహిళలకు 40,180 డాలర్లు అయ్యాయి. కోచ్‌కు ఇచ్చేది ఇందులో కలపలేదు. పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటేనే పురుషుల్లో 336, మహిళల్లో 253 ర్యాంకు దాకా ఎక్కాలని తేల్చింది. మిగులు సంగతి ఆ తర్వాత.

336 అంటే అదేమంత దూరం అనుకోకండి. విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని కెరీర్ మొత్తంలో అత్యుత్తమ సింగిల్స్ ర్యాంకు 137. సికింద్రాబాద్‌లో పుట్టి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ జోడీగా ఆడిన విష్ణువర్ధన్ సింగిల్స్‌లో ఎన్నడూ 200 లోపుకు రాలేదు. వీళ్లు మన రెండు రాష్ట్రాలు గర్వంగా చెప్పుకునే ఆటగాళ్లు.

అపోహ: వారం వారం గెలుస్తూ పోతే ఖర్చులు అవే వచ్చేస్తాయి.

కొత్తగా వచ్చిన కుర్రాడు మొదట ఆడేది 15 వేల డాలర్ల పోటీ. వినడానికి పెద్ద మొత్తమే. అది 32 మంది సింగిల్స్ ఆటగాళ్లకూ, డబుల్స్ జోడీలకూ పంచే సొమ్ము. విజేతకు 2,160 డాలర్లు. మొదటి రౌండ్లో ఓడినవాడికి 156 డాలర్లు, మన డబ్బుల్లో సుమారు 13 వేలు. ఒక మ్యాచ్ గెలిచి రెండోది ఓడితే 258. క్వాలిఫయింగ్‌లోనే ఆగిపోతే ఏమీ రాదు. ఇచ్చేదాంట్లోనూ ఆ దేశపు పన్ను ముందే కోసుకుంటారు.

రోజుకు మూడు వేల గది అనుకున్నా వారానికి 21 వేలు. ఒక రౌండ్ గెలిచినవాడికి వచ్చిన డబ్బు గదికే సరిపోయింది. విమానం టికెట్టు ఎక్కడి నుంచి తేవాలి? తోడు నాన్నో కోచో వెళ్తే ఈ లెక్క రెట్టింపు. ఒక డ్రాలో 32 మంది ఉంటే 31 మంది ఓడిపోయి ఇంటికెళ్లాల్సిందే, అది ఆట ధర్మం. ఆ 31 మందిలో ఎవరూ చేతకానివాళ్లు కారు.

ఇది ఇంటి బడ్జెట్ సమస్యతో ఆగదు. టెన్నిస్‌లో అవినీతిపై విచారించిన స్వతంత్ర సమీక్షా బృందం 2018లో ఒక మాట తేల్చి చెప్పింది: ఖర్చులు గిట్టని ఆటగాళ్లు వేలమంది ఉండటమే కింది స్థాయి పోటీల్లోకి బెట్టింగ్ ముఠాలు చొరబడటానికి పెద్ద కారణాల్లో ఒకటి.

అపోహ: ప్రతిభ ఉంటే డబ్బు దానంతటదే వెతుక్కుంటూ వస్తుంది.

2023 సెప్టెంబర్‌లో సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బయటికి చెప్పాడు. అంటే 80 వేల రూపాయల చిల్లర. అప్పటికి అతను దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు. మహా టెన్నిస్ ఫౌండేషన్ సాయమూ, ఇండియన్ ఆయిల్‌లో ఉద్యోగమూ ఉన్నాయి. ఆ జీతం, సాయం, ప్రైజ్‌మనీ మొత్తం ఆటలోనే పోశాడు. ఒక్క కోచ్‌ను వెంట తీసుకుని ఏడాదంతా తిరగడానికే 80 లక్షల నుంచి కోటి దాకా అవుతుందని లెక్క చెప్పాడు. ఫిజియోను పెట్టుకునే తాహతు లేదు.

నాలుగు నెలలు తిరగకుండానే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అదే నాగల్ మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు నెగ్గి, తొలి రౌండ్లో 31వ సీడ్ బుబ్లిక్‌ను వరుస సెట్లలో ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక భారతీయ పురుషుడు సీడెడ్ ఆటగాడిని ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత అదే మొదటిసారి. రెండో రౌండ్ చేరినందుకు 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు దక్కాయి, కోటి రూపాయలకు దగ్గర. ఆ ఏడాదే ర్యాంకు 68కి చేరింది.

సెప్టెంబర్‌లో ఉన్న ప్రతిభే జనవరిలోనూ ఉంది. మధ్యలో డబ్బు పూర్తిగా అయిపోయి ఉంటే? విమానం ఎక్కలేకపోయినవాడి ప్రతిభ గురించి మనం ఎప్పటికీ వినం. నాకు బాధ కలిగించేది ఇదే.

మన హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి రష్మిక శ్రీవల్లిని చూడండి. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ మహిళల జట్టు పోటీల్లో ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. ఇలాంటి గెలుపులను ర్యాంకు చూసి ముందే చెప్పలేం. ర్యాంకు ఆటగాడి విలువ ఒక్కటే చెప్పదు. ఆ ఏడాది ఎన్ని పోటీలకు వెళ్లగలిగాడో కూడా చెబుతుంది.

అపోహ: ప్రభుత్వం చూసుకుంటుంది.

చూసుకుంటుంది, పైకి ఎక్కాక. కేంద్రం 2014లో తెచ్చిన టార్గెట్ ఒలింపిక్ పోడియం పథకం పేరులోనే సంగతి ఉంది: పతకం తేగలరనుకున్నవాళ్లకు అది. ప్రధాన బృందంలో ఉన్నవారికి శిక్షణ ఖర్చులు కాక నెలకు 50 వేలు భత్యం. నాలుగో వంద ర్యాంకు కుర్రాడికి ఆ తలుపు తెరుచుకోదు. రాష్ట్రం తీరూ ఇంతే. తెలంగాణ ప్రభుత్వం 2014 జూలైలో సానియా మీర్జాకు కోటి, సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ గెలిచాక మరో కోటి ఇచ్చింది. ఆమె ఆ గౌరవానికి అన్నివిధాలా తగినది. కానీ అప్పటికి ఆమెకు విమానం టికెట్టు కొనుక్కోవడం సమస్య కాదు.

ఇదే ఊళ్లో ప్రభుత్వ డబ్బు సరైన సమయానికి అందిన సందర్భం ఒకటుంది, దాన్ని మనం మరిచిపోయాం. 2003 నుంచి 2005 వరకు ఫతే మైదాన్ టెన్నిస్ కాంప్లెక్స్‌లో మహిళల ప్రొఫెషనల్ టూర్ డబ్ల్యూటీఏ టోర్నీ జరిగింది, ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్ పేరుతో. 2003లో వైల్డ్‌కార్డుతో దిగిన పదహారేళ్ల సానియా మొదటి రౌండ్లోనే ఓడింది. 2005 ఫిబ్రవరి 12న అదే కోర్టులో ఫైనల్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారతీయురాలైంది. విమానం అక్కర్లేదు, హోటల్ అక్కర్లేదు, గ్యాలరీ నిండా మనవాళ్లే. 2006లో ఆ టోర్నీ బెంగళూరుకు వెళ్లిపోయింది. కప్పు తెచ్చాక ఇచ్చే కోటి కన్నా ఇంటి దగ్గర పెట్టే పోటీ పదిమంది పిల్లలను నిలబెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: కంపెనీలు స్పాన్సర్ చేస్తాయిగా!

సానియాను చిన్న వయసులోనే జీవీకే సంస్థ ఆదుకున్న మాట నిజం. అలాంటి అదృష్టం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికే. మామూలుగా కింది ర్యాంకువాళ్లకు దొరికేది రాకెట్ల మీదో బట్టల మీదో కొంత తగ్గింపు.

అపోహ: చదువుకు అమెరికా వెళ్లాడంటే టెన్నిస్ వదిలేసినట్టే.

ఇది తల్లిదండ్రుల చేత పెద్ద తప్పులు చేయిస్తోంది. సాకేత్ అలబామా విశ్వవిద్యాలయంలో చదువుతూ కాలేజీ టెన్నిస్ ఆడాడు. ఆ తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు, 2016లో క్వాలిఫయర్‌గా యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. మన తెలంగాణ అమ్మాయి యమలపల్లి సహజ కూడా టెక్సాస్‌లో కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చి దేశానికి ఆడుతోంది. అక్కడి స్కాలర్‌షిప్ అంటే కోర్టు, కోచ్, జిమ్, ఫిజియో, పోటీలకు ప్రయాణం, పైగా డిగ్రీ. ఫ్లాట్ అమ్మి పద్దెనిమిదేళ్లవాడిని దేశాలు తిప్పడం కన్నా ఇది ఎంతో మంచి దారి.

డబుల్స్‌ను చిన్నచూపు చూడటమూ ఇలాంటిదే. హైదరాబాద్ కుర్రాడు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి 2024 అక్టోబర్‌లో అల్మాటీలో అర్జున్ కాధేతో, 2025లో శాంటియాగోలో కొలంబియా ఆటగాడు బారియెంటోస్‌తో పురుషుల ప్రొఫెషనల్ టూర్ ఏటీపీలో డబుల్స్ టైటిళ్లు గెలిచాడు.

అపోహ: ఇప్పుడు ఏటీపీ కనీస ఆదాయం ఇస్తోంది, ఇక బెంగ లేదు.

2024లో మొదలైన బేస్‌లైన్ పథకం మంచిదే. మొదటి వందలోపువారికి 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షన్నర, 176 నుంచి 250 వరకు 75 వేలు, ఏడాదికి ఇంత తగ్గకుండా చూస్తామని అప్పట్లో ప్రకటించారు. అయితే అది సింగిల్స్‌కు, 250 ర్యాంకు దగ్గర ఆగిపోతుంది. 251వ వాడికీ, 600వ వాడికీ, డబుల్స్ ఆడేవాడికీ అందులో చోటు లేదు. నిచ్చెన పైమెట్లకు చెక్క వేశారు. కిందిమెట్లు ఇంకా విరిగే ఉన్నాయి.

ఇక మన కాలనీకొస్తే, రాధిక చౌరస్తా నుంచి ఈసీఐఎల్ చౌరస్తా వరకు ఎన్ని ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, నగల దుకాణాలు ఉన్నాయో మనకందరికీ తెలుసు. వాటి యజమానులకూ, మన కాలనీ సంఘాలకూ నాదొక విన్నపం. కప్పు వచ్చాక శాలువా కప్పడానికి తొందర లేదు. ఈ ఏడాది మన పేటలో ప్రొఫెషనల్‌గా ఆడుతున్న ఒక్క అబ్బాయినో అమ్మాయినో ఎంచుకుని, ఒక్క పోటీకి రానుపోను టికెట్టు, వారం రోజుల గది ఖర్చు ముందుగా ఇవ్వండి. మొదటి రౌండ్లో ఓడి తిరిగొచ్చినా సరే, రెండో పోటీకీ ఇవ్వండి.