పట్టభద్రుని లెక్కలో చేరని ఓటు

రెంటచింతల పేరు చెప్పినతోడనే మన పాఠకులకు వేసవి జ్ఞప్తికి వచ్చును. రాష్ట్రమున ఎండ ఎచ్చట మిక్కుటముగా నున్నదని అడిగినవారికి ఆ పల్నాటి గ్రామము పలుమారులు జవాబగుచుండును. మేమిప్పుడు దానిని స్మరించుటకు కారణము వేఱు. ఆ గ్రామమందలి ఒక పట్టభద్రుని చేతనున్న ఓట్లను లెక్కపెట్టి, ఆ లెక్కలో చేరని ఓటొకటి కలదని చూపదలచితిమి.

పదునెనిమిదేండ్లు నిండిననాటినుండి అతడు గ్రామపంచాయతికిని, శాసనసభకును, పార్లమెంటునకును ఓటరు. నాగార్జునసాగరము కుడికాలువక్రింద అతనికి ఆయకట్టు భూమి యున్నచో, 1997 నాటి చట్టము ననుసరించి నీటిసంఘపు ఎన్నికలలో అతనికి ఓటు కలదు. పట్టము పుచ్చుకొని మూడేండ్లు గడచినచో, రాజ్యాంగము 171వ అధికరణముచొప్పున శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గమున ఓటు కలదు. ఉన్నతపాఠశాలలోనో కళాశాలలోనో మూడేండ్లు బోధించినవాడైనచో, ఉపాధ్యాయ నియోజకవర్గమున మఱియొక ఓటు కలదు. ఇన్ని ఓట్లు గలవాడు తనకు పట్టమిచ్చిన విశ్వవిద్యాలయపు పాలకమండలికి ఒక్క సభ్యునైనను ఎన్నుకొనజాలడు. కాలువనీరు పంచు పెద్దలను ఏర్పఱచుకొనుటకును, రాష్ట్రమునకు శాసనములు చేయువారిని పంపుటకును యోగ్యుడైనవాడు విద్యావిషయమున మాత్రము అయోగ్యు డెట్లయ్యెను?

ఈ స్థితి మొదటినుండి యున్నది కాదు. ఓటు లేని కాలమొకటి గడచి, ఓటు వచ్చిన కాలమొకటి నడచి, మరల అది పోయినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసినపుడు సెనేటుసభ్యులను ప్రభుత్వమే నియమించుచుండెను. ఆ పదవి జీవితాంతము నిలుచునది. 1904లో కర్జను ప్రభువు తెచ్చిన విశ్వవిద్యాలయముల చట్టము ఆ పదవీకాలమును ఐదేండ్లకు తగ్గించి, కొలది స్థానములకు ఎన్నికను కల్పించెను. కాని ఎక్కువ స్థానములను నియామకముక్రిందనే యుంచి, సెనేటు చేసికొన్న నిబంధనలను మార్చు అధికారమును ప్రభుత్వమునకు కట్టబెట్టెను. గోఖలేగారు ఆ బిల్లును కేంద్రశాసనసభలో తీవ్రముగా ప్రతిఘటించిరి. చదువు చెప్పువారికిని చదువుకొన్నవారికిని స్వాతంత్ర్యము లేనిచోట విశ్వవిద్యాలయము సర్కారు కచేరీలలో నొకటి యగునని దేశీయులకు ఆనాడే తోచెను.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినది. పల్నాడుతో గూడ గుంటూరుజిల్లా అంతయు దాని పరిధిలోనికి వచ్చెను. ఆ చట్టముచొప్పున పేరు నమోదు చేయించుకొన్న పట్టభద్రులు సెనేటునకు తమ ప్రతినిధులను ఎన్నుకొనిరి. ఉపకులపతిని సెనేటువారే ఎన్నుకొనుచుండిరి. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో, స్వాతంత్ర్యోద్యమముపై సర్కారు సాగించిన దమననీతికి నిరసనగా పదవిని వదలిరి. 1931లో ఆ స్థానమునకు సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చిరి. 1936లో రెడ్డిగారే మరల వచ్చి 1949 వఱకు నుండిరి. ఆ కాలమున కలహములు లేకపోలేదు. ప్రధానస్థానమును గూర్చిన వివాదము ఏండ్లతరబడి సాగి, చివరకు 1930లో బెజవాడనుండి వాల్తేరునకు మార్పు జరిగెను. అయినను అట్టి సభలు నడపిన సంస్థయే మనకు గర్వకారణమైనది. ఎన్నుకొన్నవారిచే పదవికి వచ్చినవాడు దొరతనమువారి మొగము చూడక ఆ పదవిని త్యజింపగలడని రెడ్డిగారి చరిత్ర చెప్పుచున్నది.

స్వరాజ్యము వచ్చినపిమ్మట ఈ స్వాతంత్ర్యము పెరుగవలసియుండెను. జరిగినది వేఱు. ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టమును 1966లో సవరించి, ఆనాటి ఉపకులపతి డాక్టరు డి. యస్. రెడ్డిగారిని తొంబది దినములలో తొలగించుటకు ప్రత్యేకముగా నొక నిబంధనను చేర్చిరి. అది సమానత్వమును బోధించు 14వ అధికరణమునకు విరుద్ధమని 1967లో సుప్రీముకోర్టు కొట్టివేసెను. సంస్థ స్వయంపాలనమును గూర్చి తెలుగుదేశమున జరిగిన పోరాటములలో ఇది ముఖ్యమైనది. గెలుపు న్యాయస్థానమున లభించినది గాని, శాసనము వ్రాయు కలము ప్రభుత్వము చేతనే యుండెను.

1976లో నాగార్జున విశ్వవిద్యాలయము వెలసి, గుంటూరు జిల్లా కళాశాలలు దానికి అనుబంధములయ్యెను. 1991లో రాష్ట్రమందలి విశ్వవిద్యాలయములకు చాలవఱకు ఒక్కటే చట్టము వచ్చెను. దానితో ఎగ్జిక్యూటివు కౌన్సిలు పాలకమండలి యయ్యెను. దానియందు కొందఱు పదవిరీత్యా కూర్చుండు అధికారులు; తక్కినవారు ప్రభుత్వము నియమించువారు. ఆచార్యులు, అనుబంధ కళాశాలల వారు, ప్రముఖపౌరులు అందు లేకపోలేదు. కాని వారిని ఆచార్యులుగాని పట్టభద్రులుగాని పంపలేదు. పంపినవానికి లెక్క యొప్పజెప్పుట లోకరీతి. సెక్రటేరియటు పంపినవాడు ఎవరికి లెక్క చెప్పునో మేము వివరింపనక్కఱలేదు.

ఇది పెద్దల పదవుల తగాదా యని పల్నాటి రైతు పెదవి విఱువరాదు. విశ్వవిద్యాలయపు సొమ్ము ఖర్చుపెట్టుట, బోధకులను నియమించుట, కొత్తకోర్సులు పెట్టుట, కళాశాలలకు అనుబంధత నిచ్చుట మొదలగు పనులకు పాలకమండలియే గతి. పరీక్షఫలితములు ఆలస్యమైనచో ఉద్యోగపు దరఖాస్తు గడువు దాటిపోవును. బోధకుల ఖాళీలు నింపనిచో మిరపపంట అమ్మి జీతము కట్టిన తండ్రి సొమ్ము వ్యర్థమగును. నష్టము రెంటచింతలలో, నిర్ణయము నంబూరులో. ఈ రెంటికిని నడుమ సంబంధము గల్పింపవలసిన ప్రతినిధి లేడు.

విద్యార్థుల స్థితి ఇంతకంటె విచిత్రము. 61వ రాజ్యాంగసవరణచే 1989లో ఓటుహక్కు వయస్సు ఇరువదియొకటినుండి పదునెనిమిదికి దిగెను. సరిగా ఆ రోజులలోనే మన రాష్ట్రమున విద్యార్థిసంఘముల ఎన్నికలు ఆగిపోయెను. దేశప్రధానిని నిర్ణయించు ఓటు చేతికిచ్చి, హాస్టలు భోజనమును గూర్చి మాటాడు ప్రతినిధిని ఎన్నుకొను ఓటును లాగికొన్నట్లయ్యెను. విద్యార్థిసంఘము వేఱు, పాలకమండలిలో విద్యార్థిస్థానము వేఱు. మొదటిది విన్నపములు చేయు వేదిక. రెండవది నిర్ణయము జరుగుచోట కుర్చీ. మనవారికి రెండును లేకపోయెను.

ఇతరదేశముల మాట చూతము. అర్జెంటీనా దేశపు కార్డోబా నగరమున 1918లో విద్యార్థులు లేచి, విశ్వవిద్యాలయ పరిపాలనలో ఆచార్యులకు, విద్యార్థులకు, పట్టభద్రులకు పాలు కావలెనని కోరి సాధించిరి; ఆ పద్ధతి దక్షిణామెరికా ఖండమంతట ప్రాకెను. ఇంగ్లండున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కౌన్సిలులో పదునాఱుగురిని అచ్చటి బోధకులు మొదలగువారి సభయే ఎన్నుకొనును. మువ్వురు విద్యార్థులు ఎన్నికచే వత్తురు. స్కాట్లండున రెక్టరను పదవికి పాలకసభ నధ్యక్షించు హక్కు కలదు; అతనిని ఎన్నుకొనువారు విద్యార్థులు. దక్షిణాఫ్రికాలో జాతివివక్షను ఎదిరించి నిర్బంధమున నున్న ఆల్బర్టు లుథూలీగారిని గ్లాస్గో విద్యార్థులు 1962లో అట్లు ఎన్నుకొనిరి. పిల్లల ఓటు చపలమైనదనువారు ఈ యొక్క ఉదాహరణము నాలోచింతురు గాక. అంతదూరమేల? మన పొరుగున కేరళ విశ్వవిద్యాలయపు సెనేటులో విద్యార్థిప్రతినిధులు కలరు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఎగ్జిక్యూటివు కౌన్సిలునకు బోధకులు ఎన్నికలోనే తమవారిని పంపుచుండిరి.

ఎన్నికలు పెట్టినచో కులము, ధనము, పక్షము లోపలికి వచ్చునని పెద్దలు శంకింతురు. ఈ శంక అకారణము గాదు. పల్నాటివారికి పక్షముల రుచి ఒకరు చెప్పనక్కఱలేదు. కాని నియామకములలో కులము లేదా, పక్షము లేదా? ఎన్నికలో అది వీథిలో కనబడును. నియామకములో తెరవెనుక నుండును. కనబడు దోషమునకు చికిత్స గలదు. సుప్రీముకోర్టు పనుపున ఏర్పడిన లింగ్డో సంఘము 2006లో విద్యార్థిసంఘముల ఎన్నికలకు అట్టి చికిత్సనే వ్రాసెను: అభ్యర్థి ఖర్చు ఐదువేల రూపాయలు మించరాదు, అచ్చువేసిన పోస్టరు పనికిరాదు, చేతివ్రాత చాలును, నూటికి డెబ్బదియైదు హాజరు ఉండవలెను, నేరచరిత్ర యుండరాదు. ఆ నియమములను అమలుపఱచుడని కోర్టు ఆదేశించెను. వ్యాధికి మందు చెప్పగా, మన రాష్ట్రమున రోగికి పథ్యముమాఱు ఉపవాసమే విధించిరి.

ఓటు వేయు విధమునందును పక్షదోషమును తగ్గించు ఉపాయము కలదు. అది శాసనమండలి ఎన్నికలలో మన పట్టభద్రులకు పరిచితమే. అభ్యర్థుల పేర్లకెదుట 1, 2, 3 అని తన యిష్టక్రమమును వ్రాయుటయే ఆ పద్ధతి. మూడు స్థానములకు 1200 చెల్లుబాటు ఓట్లు పడినవనుకొందము. స్థానముల సంఖ్యకు ఒకటి కలిపి, అనగా నాలుగుచే, భాగించిన 300. దానికి ఒకటి చేర్చిన 301. ఇది గెలుపునకు వలయు కోటా. కోటాకు మించి వచ్చిన ఓట్లు ఆయా ఓటర్ల రెండవ కోరికకు మారును. ఎవరికిని కోటా నిండనిచో, అట్టడుగున నున్నవానిని తొలగించి అతని చీటీలను తరువాతి కోరికల ననుసరించి పంచుదురు. ఇందువలన 700 ఓట్లున్న వర్గము మూడు స్థానములను మ్రింగివేయజాలదు. 301 మంది ఒక్కమాటపై నిలిచినచో వారికొక స్థానము దక్కి తీరును. గురజాల, మాచెర్ల ప్రాంతముల చిన్నకళాశాలలవారు పెద్దపట్టణములవారి సంఖ్యక్రింద నలిగిపోకుండుటకు ఇంతకంటె తగిన త్రోవ మాకు తోచదు.

ఇది పాశ్చాత్యుల దిగుమతి యనుటయు సరికాదు. రెంటచింతలకు చేరువనే ఇక్ష్వాకుల విజయపురి యుండెను. ఆ నాగార్జునకొండ విహారములకు దూరదేశములనుండి భిక్షువులు వచ్చుచుండిరి. బౌద్ధసంఘపు వినయశాస్త్రము అభిప్రాయభేదము వచ్చినపుడు శలాకలతో, అనగా పుల్లలతో, ఓటు తీసికొను విధిని చెప్పినది. రహస్యముగా, చెవిలో చెప్పించుకొని, బహిరంగముగా అని మూడు రీతులను పేర్కొన్నది. శలాకలను పంచి తీసికొనువాడు పక్షపాతము, ద్వేషము, మోహము, భయము లేనివాడై యుండవలెనని కట్టడి చేసినది. నేటి ఎన్నికల అధికారికి ఇంతకంటె గొప్ప అర్హతను ఏ చట్టము వ్రాయగలదు? ఆచార్య నాగార్జునుని పేరు దాల్చిన విశ్వవిద్యాలయమునకు ఈ విధి పరాయిది కాదు. బ్రహ్మనాయుడు అందఱిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని చెప్పుకొను సీమకు సహపంక్తి క్రొత్తదియు కాదు.

కావున మేము కోరునది స్పష్టము. 1991 నాటి చట్టమును సవరించి, పాలకమండలిలో విశ్వవిద్యాలయపు బోధకులకు, అనుబంధ కళాశాలల బోధకులకు, బోధనేతర సిబ్బందికి, నమోదైన పట్టభద్రులకు, విద్యార్థులకు వేర్వేఱు నియోజకవర్గములు ఏర్పఱుపవలెను. నిపుణులను, అధికారులను కొందఱిని ప్రభుత్వము నియమించుకొనవచ్చును, అందఱిని నియమించుకొనరాదు. ఓటర్లజాబితా ప్రతి అనుబంధ కళాశాల గోడమీదను కనబడవలెను. ఎన్నికను జరుపువాడు ఉపకులపతి చేతిక్రింది వాడు కారాదు. మండలి తీర్మానములు ప్రకటింపబడవలెను. ఎన్నుకొన్నవాడు ఏ పక్షమున చేయెత్తెనో తెలియనిచో ఓటునకు ఫలమేమి?

చట్టము మారువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. కృష్ణా గుంటూరు పట్టభద్రుల స్థానమునకు 2025 ఫిబ్రవరిలో ఎన్నిక జరిగెను. ఈ జాబితాను ప్రతి ఎన్నికకును క్రొత్తగా సిద్ధపఱతురు; క్రిందటిసారి పేరున్నదని ఊరకున్నవాడు ఈసారి ఓటరు కాడు. కావున గ్రామమందలి ప్రతి పట్టభద్రుడును 18వ నమూనా దరఖాస్తును, అర్హుడైన ప్రతి ఉపాధ్యాయుడును 19వ నమూనాను గడువులోపల దాఖలు చేయవలెను. పిమ్మట ఓటడుగ వచ్చిన అభ్యర్థిని ఒక్క ప్రశ్న వేయవలెను: “అయ్యా, మిమ్ము శాసనమండలికి పంపు అర్హత మాకున్నదని మీరే వచ్చి చెప్పుచున్నారు. మా విశ్వవిద్యాలయమునకు మా మనిషిని పంపు అర్హత మాకు లేదందురా?” దానికి సూటిగా జవాబు చెప్పినవానికే మొదటి అంకె వేయుట న్యాయము.