బాలు మంచివాడు, రాజా గర్వి: ఈ తీర్పు మనం ఎలా ఇచ్చాం?

2017 ఉగాదికి మా సంఘం పాటల కార్యక్రమం పెట్టుకుంది. ఆ మార్చిలోనే వార్త వచ్చింది. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి, అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దని ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వెళ్లింది. మా కమిటీలో సగంమంది ఈసారి రాజా పాట ఒక్కటీ వద్దన్నారు. ‘డబ్బు మనిషి’, ‘తలపొగరు’ అన్న మాటలు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు గాని, రాసే మేమూ అన్నాం.

ఈ తీర్పు ఎక్కడిది? బాలు గారిని ‘పాడుతా తియ్యగా’లో 1996 నుంచి చూశాం. పిల్లల తప్పులు నవ్వుతూ దిద్దేవారు. కోనేటంపేటలో పుట్టి, మద్రాసులో స్థిరపడి, తమిళులు తమవాడనుకునేలా పాడారు. బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు ఆయన ఇంటి మనిషి. రాజా గారిది ముక్తసరి మాట, వేదిక మీదే కసురుకుంటారు. ఆ నవ్వు చూసి ఒకరికి, ఈ కసురు చూసి ఇంకొకరికి నడవడి సర్టిఫికెట్లు ఇచ్చేశాం. లెక్కల్లో నిజాయితీ ముఖంలో కనబడదని ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసిన మాకు తెలియనిదా?

సంగతి చట్టానిది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాక, పాటను మరోచోట వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉండాలన్నారు. దాన్ని వదులుకుంటున్నట్టు ముందే రాయించుకున్నా చెల్లదు. గాయకులకూ రాయల్టీ హక్కు వచ్చింది, 2013లో వాళ్లకొక సంస్థ ఏర్పడింది. దాన్ని మా కమిటీలో ఎవరూ అత్యాశ అనలేదు. నోటీసు పంపిన తీరు నొప్పించేదే, స్నేహితుడికి ఒక ఫోను చేసి ఉండవచ్చు. కాని తీరు వేరు, హక్కు వేరు.

బాలు గారేమన్నారు? ఈ చట్టం సంగతి తనకు తెలియదని, చట్టమైతే పాటిస్తానని, దీని మీద ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని ఫేస్‌బుక్‌లో రాశారు. అభిమానులు మొదటి రెండూ చదివి మూడోది వదిలేశారు. రాజా గారు సినిమాల్లోకి రాకముందు బాలు గారి బృందంలోనే వాయించేవారు. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ రెండింటికీ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. వాళ్ల మధ్య ఏముందో నోటీసు కాగితం చెప్పగలదా? 2019 జూన్‌లో రాజా గారి పుట్టినరోజు కచేరీలో బాలు గారు పాడారు.

ఇక మా పద్దు. రుసుము లేకుండా ప్రేక్షకుల ముందు ఔత్సాహిక సంఘం పాడుకుంటే చట్టం మినహాయిస్తుంది. మేము మాత్రం ‘డొనేషన్ పాసు’ పేరుతో టికెట్లే అమ్మేవాళ్లం. లైసెన్సుకు ఏనాడూ పైసా కట్టలేదు. రాజా గారి నిజాయితీ తేల్చిన సమావేశంలోనే ఆ పాసుల లెక్క కూడా చదివాం, ఎవరికీ ఏమీ తోచలేదు.

ఇప్పుడు పాసులు అమ్మే ఏడాది ఖర్చుల్లో లైసెన్సు రుసుమని ఒక పద్దు రాస్తున్నాం. కోశాధికారి గారు ఇప్పటికీ దానిమీద సంతకం పెడుతూ గొణుగుతారు. ఆనాడు రాజా పాట వద్దన్నవారిలో మొదట లేచింది ఆయనే. మొన్న ఉగాదికి మాత్రం ‘సాగర సంగమం’ పాట అడిగి పాడించుకున్నారు.