చిన్న బండి చట్రం - పెద్ద ఇంజను

ఎర్రగడ్డ నుండి బస్తాలు వేసుకొని అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట చేరి, అక్కడ బంజారాహిల్స్ ఎత్తుకు మళ్ళే చిన్న సరకుల బండిని ఎప్పుడైనా గమనించారా? ఎత్తు మొదలయ్యేసరికి దాని వేగం తగ్గిపోతుంది. డ్రైవరు మూడవ గేరు నుండి రెండుకూ, రెండు నుండి ఒకటికీ దిగుతాడు. ఇంజను మూలుగుతుంది. వెనుక బస్సు హారను మోగుతూనే ఉంటుంది. అట్టి సమయంలో బండి యజమానికి ఒక ఆలోచన తట్టడం సహజం: ఈ ఇంజను తీసివేసి, ఇంతకంటె పెద్దదానిని బిగిస్తే?

ఈ ఆలోచన కొత్తది కాదు. ఒకప్పుడు మన దేశంలో పెట్రోలు లారీలలోని ఇంజన్లను తీసి, మద్రాసు సింప్సన్ కంపెనీవారి పెర్కిన్స్ పి-6 డీజిలు ఇంజన్లను అమర్చేవారు. పెట్రోలుతో మొదలైన విల్లిస్ జీపు వంశంలోనే తరువాత మహీంద్రా వారు 2,112 ఘనపు సెంటీమీటర్ల ప్యూజో డీజిలు ఇంజను పెట్టారు. అయితే కంపెనీ చేసే మార్పుకూ, షెడ్డులో పది రోజులలో చేసే మార్పుకూ ముఖ్యమైన తేడా ఇంజనులో లేదు. ఇంజనును మోసే చట్రంలో ఉన్నది.

అసలు ఆ బండికి బలం చాలడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. సరకుతో కలిపి బండి 1,500 కిలోలనీ, రోడ్డు 12 అడుగులకు 1 అడుగు చొప్పున లేస్తున్నదనీ అనుకుందాం. బండిని వెనుకకు లాగే బలం 1,500లో పన్నెండవ వంతు, అంటే 125 కిలోల బరువు. సుమారు 1,225 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 0.3 మీటరు అయితే ఇరుసు వద్ద కావలసిన తిప్పుడు బలం, అనగా టార్కు, దాదాపు 368 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నాలుగింతలు, వెనుక డిఫరెన్షియలు మరి నాలుగింతలు పెంచుతాయనుకొంటే, ఇంజను ఇవ్వవలసింది 368ని 16తో భాగించగా వచ్చే 23 మాత్రమే! ఘర్షణ కోసం మరికొంత కలుపుకొన్నా, 50 న్యూటన్ మీటర్లు ఇచ్చే చిన్న ఇంజనుకు ఇది అసాధ్యమేమీ కాదు. చాలనిది బలం కాదు, వేగం. బండి ఎక్కుతుంది, నెమ్మదిగా ఎక్కుతుంది.

అయినా యజమాని వినలేదనుకుందాం. 100 న్యూటన్ మీటర్లు ఇచ్చే పెద్ద ఇంజనును తెచ్చాడు. అది పాతదానికంటె 100 కిలోలు ఎక్కువ బరువు.

ఇప్పుడు బండి కిందికి తొంగి చూడాలి. చాలా పికప్ బండ్లకు చట్రం నిచ్చెన వలె ఉంటుంది. ముందు నుండి వెనుకకు రెండు పొడుగు దూలాలు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్ల వలె అడ్డ దూలాలు. ఇంజను, క్యాబిను, తొట్టి అన్నీ దీని మీదనే కూర్చుంటాయి. అమీర్‌పేటకు దగ్గరలోని సనత్‌నగర్‌లో ఆల్విన్ కర్మాగారం ఉన్న రోజులలో బస్సుల బాడీలు కట్టినది ఇట్టి బోడి చట్రాల మీదనే. ఆ సంస్థే 1980లలో నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో తేలిక లారీలు కూడా తయారు చేసింది.

ముందు బరువు సంగతి. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 250 సెంటీమీటర్లనుకోండి. అదనపు 100 కిలోలు ముందు ఇరుసుకు 25 సెంటీమీటర్లు వెనుకగా పడితే, తరగతిలో చెప్పే భ్రామకాల సూత్రం ప్రకారం 90 కిలోలు ముందు ఇరుసుకు, 10 కిలోలు వెనుక ఇరుసుకు పోతాయి. కాని పెద్ద ఇంజను పొడుగైనది. గేరుబాక్సు ఉన్నచోటనే ఉంచాలంటే ఇంజనే ముందుకు జరగాలి. దాని అదనపు బరువు ఇరుసుకు 25 సెంటీమీటర్లు ముందుగా పడితే ముందు ఇరుసు మీద 110 కిలోలు పెరుగుతుంది. పెట్టినది 100 కిలోలే! మిగిలిన 10 ఎక్కడివి? వెనుక ఇరుసు మీది నుండి వచ్చాయి. ఆ మేరకు వెనుక చక్రాలు తేలికైనవి. స్టీరింగు బరువెక్కుతుంది, ముందు కమాన్లు కుంగుతాయి. ఖాళీ బండి వానలో గట్టిగా బ్రేకు వేస్తే తేలికైన వెనుక చక్రాలు ముందుగా పట్టుబడి, తోక పక్కకు జారే ప్రమాదం పెరుగుతుంది.

రెండవది పురి. ఇంజను ఇరుసును ఒక వైపుకు తిప్పుతున్నదంటే, తాను రెండవ వైపుకు తిరగబోతున్నదని అర్థం. న్యూటను మూడవ నియమం షెడ్డులోనూ అమలులో ఉంటుంది. మొదటి గేరులో గేరుబాక్సు నుండి బయటికి వచ్చే టార్కు పాత ఇంజనుతో 200, కొత్తదానితో 400 న్యూటన్ మీటర్లు. ఇంజనును పట్టుకొన్న రెండు దిమ్మల మధ్య దూరం అర మీటరైతే, ఒక దిమ్మను పైకి, ఒక దిమ్మను కిందికి లాగే బలం 400 నుండి 800 న్యూటన్లకు, అంటే దాదాపు 80 కిలోల బరువుకు, పెరుగుతుంది. క్లచ్చి వదిలిన ప్రతిసారీ చట్రానికి ఈ పురి తగులుతుంది.

ఈ పురిని చట్రం ఎట్లా తట్టుకుంటుంది? అడుగు స్కేలును పడుకోబెట్టి వంచండి, సులభంగా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచండి, వంగదు. వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు ఉన్న స్కేలు నిలబెట్టినప్పుడు దాదాపు 69 రెట్లు బిగువుగా ఉంటుంది. ఉక్కు అదే, ఎత్తు మారినది. దూలం వంగినప్పుడు పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. నడుమ భాగానికి ఆ శ్రమ తక్కువ. అందుచేతనే చట్రపు దూలాలను తొట్టి ఆకారంలో, పైనా కిందా పెదవులతో చేస్తారు. బోల్టు రంధ్రం వేయవలసివస్తే నడిమి పలకకు వేయాలి గాని పెదవికి వేయకూడదు. పెద్ద ఇంజను నూనె తొట్టి తగులుతున్నదని కింది పెదవిని కోసివేయడం మరీ ప్రమాదం. 10 సెంటీమీటర్ల ఎత్తుగల బద్దను 5 సెంటీమీటర్లకు కోస్తే సగం బలం ఉంటుందనుకొంటాం. నిజానికి మిగిలేది నాలుగవ వంతు బలం, ఎనిమిదవ వంతు బిగువు.

పురిని గురించి ఇంకొక చిన్న ప్రయోగం. అట్ట కాగితాన్ని గొట్టంగా చుట్టి అతికించి, రెండు చివరలూ పట్టుకొని మెలిపెట్టండి, మొండికేస్తుంది. ఆ గొట్టాన్ని పొడుగునా ఒక చీలిక చీల్చి మళ్ళీ మెలిపెడితే చేతిలో చుట్టుకుపోతుంది. తొట్టి ఆకారపు దూలం చీలిన గొట్టం వంటిది. తెలిసిన పనివారు దాని తెరిచిన వైపున పలక అతికి పెట్టెగా మూసివేస్తారు. తీసివేసిన అడ్డ దూలానికి బదులు, నూనె తొట్టికి దారి ఇస్తూ వంచిన మరొక దూలాన్ని బిగిస్తారు. ఆ పలక చివర నిలువుగా తెగితే, గట్టి భాగం ఆగి మెత్తని భాగం మొదలయ్యేచోట శ్రమ అంతా కూడుకొంటుంది. చివరను చేప తోక వలె ఏటవాలుగా కోసేది అందుకే.

వెల్డింగు చేసిన రోజున ఏమీ కాదు. అసలు చిక్కు అక్కడనే ఉన్నది. జర్మనీలో ఆగస్టు వోలర్ 19వ శతాబ్దంలో రైలు ఇరుసుల మీద చేసిన పరీక్షలలో, ఒక్కసారికి విరగని ఉక్కు, అంతకంటె తక్కువ బలానికే లక్షలసార్లు లోనైనప్పుడు విరుగుతుందని తేలింది. దీనినే లోహపు అలసట అంటారు. అది గాటు వద్ద, రంధ్రపు అంచు వద్ద, వెల్డింగు వేడికి గుణం మారిన ఉక్కు వద్ద మొదలవుతుంది.

చట్రం నిలిచినా మిగతావి ఉన్నవి. క్లచ్చి, గేరుబాక్సు, ఇరుసు చిన్న ఇంజనుకు తగినవి. రేడియేటరు కూడా అంతే. బ్రేకుల మాట మరువరాదు: వేగం 40 నుండి 60 కిలోమీటర్లకు పెరిగితే గతిజశక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక కేసులో దీనినే గట్టిపరచింది. సి.ఎన్.జి. వంటి ఇంధనానికి మారడానికి ప్రత్యేకంగా వీలు ఉన్నది గాని, అది వేరు సంగతి. పంజాగుట్టకు కూతవేటు దూరంలోని ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో ఇంజను నంబరును, చట్రం నంబరును కాగితంతో సరిచూడగలరు. పలక కింద దాగిన చీలికను నంబరు చెప్పదు.

ఇదివరకే ఇట్లా మార్చిన పాత బండి ఎవరి వద్దనైనా ఉంటే, చట్రాన్ని నీటితో కడిగి ఆరనిచ్చి, ఇంజను దిమ్మల పక్కన, అడ్డ దూలం కలిసేచోట, అతుకు పలకల చివరల వద్ద దీపం పట్టి చూడాలి. రంగు చిట్లి, అందులో నుండి వెంట్రుక వంటి తుప్పు గీత కనిపిస్తే, ఆ బండిని సరకుతో రోడ్డెక్కించకూడదు. గీత మీద మళ్ళీ వెల్డింగు వేసి రంగు పూస్తే చీలిక మూసుకోదు, కంటికి కనబడకుండా పోతుంది.